నలభై ఒకటో స్తంభం దాకా

రాత్రంతా గుబార్ కొట్టింది.
మూడింటికి క్యాంపు తలుపు తెరిస్తే
జహ్రా ఊరు లేదు.
దీపాలున్నయి, వాటి కింద ఏమీ లేదు.

ఫోర్మన్ రిఫత్ బస్సు మెట్టు మీద నిలబడి
పేర్లు పిలువడు, నంబర్లు పిలుస్తడు.
నాది పదిహేడు.
పార ఒకటి, పొడుగు చీపురు ఒకటి కంపెనీవి.
సున్నం కుంచె నాది, ఇంటికాడికెల్లి తెచ్చుకున్న.

పెద్ద రోడ్డుకు బండ్లొస్తయి,
ముక్కుతోని దున్నుకుంట, లైటు తిప్పుకుంట.
కార్లు పోయే తొవ్వ ఫజర్ కల్లా తేటగైతది.
నడిచేటోల్ల తొవ్వ మాది.
బండ్లు పక్కకు నూకిన ఇసుక గూడ
మా తొవ్వ మీదికే వస్తది.

డంబర్‌ది ముస్తాంగ్, నేపాల్ల పైకి ఎక్కడ్నో.
"మా దిక్కు గిట్లనే మంచు ఎత్తుతం" అంటడు,
"వాకిట్లకెల్లి నల్ల దాకా, దినాం.
కానీ మంచుకు మర్యాద తెల్సు అన్నా,
ఎండ రాంగనే లేసిపోతది.
ఇది చుట్టం గాదు, అప్పులోడు."

నాకు ఇసుక కొత్త గాదు.
మానేరు ఒడ్డున లారీకి ఇంత అని నింపినోన్ని.
అక్కడ ఇసుకకు రేటుంది, దొంగలున్నరు,
జీపు లైటు పడితే పారలు ఇడిసి తుమ్మలల్ల పడి ఉరికినం.
ఇక్కడ కుప్ప పోస్తే కుక్క గూడ చూడది.
ఈ ఇసుక గోడకు పనికిరాదట,
మరీ గుండ్రమట, ఒకదాన్నొకటి పట్టుకోదట.
ఆ ముచ్చట ఇన్ననాడు నవ్వొచ్చింది.
మా రూముల పదకొండు మందిమి.

ఫుట్‌పాత్ నడుమ పసుపు బిళ్లలుంటయి,
పొడుగుత గీతలు, మలుపు కాడ బుడిపెలు.
మొదటేడు ముగ్గు అనుకున్న.
ఒకనాడు చీకట్ల ఒక ముసలాయన
తెల్ల కట్టె ఆ గీతల మీద ఈడ్చుకుంట వచ్చిండు.
టక్కు టక్కు గాదు, సర్ర్‌మని,
మగ్గం మీద నాడె ఉరికినట్టు.
అప్పటి సంది కుంచె పట్టిన.
గీతకు గీత, బుడిపెకు బుడిపె.
"పదిహేడూ, యల్లా!" అని రిఫత్ అరుస్తనే ఉంటడు.

మా కాంట్రాక్టు నలభై ఒకటో దీపం స్తంభం దాకా.
నలభై మూడుకెల్లి ఇంకో కంపెనీ, నారింజ బట్టలోల్లు.
నడుమ జాగ ఏ కాయితంల లేదు.
మామూలు దినాలల్ల దాన్ని గాలే ఊడుస్తది.

ఇయ్యాల మోకాలు లోతు.

ముసలాయన వచ్చిండు.
సర్ర్, సర్ర్,
నలభై ఒకటి కాడ కట్టె ఆగింది.
ఇసుకల ఒకసారి పొడిచిండు.
ఇటు తిప్పిండు, అటు తిప్పిండు,
రోడ్డు దిక్కు ఒక కాలు దించిండు.

పిలవాలె. ఏమని పిలవాలె?
పేరు తెల్వదు. నా అరబ్బీ మొత్తం
యల్లా, ఖలాస్, మాఫీ ఫులూస్.
పార ఎత్తి బిళ్ల మీద కొట్టిన, ఠంగుమన్నది.
ఆగిండు.
మల్ల కొట్టిన.
కాలు ఎనుకకు తీసిండు.

నేను నలభై ఒకటి దాటిన.
డంబర్ చూసిండు, ఏమనలే,
పార తీస్కొని అటు కొసకెల్లి మొదలుపెట్టిండు.
ముసలాయన నిలబడ్డడు,
గోడకు చెవి ఆనించినట్టు మా పారలు ఇనుకుంట.
నమాజు ఎల్లిపోతదని తొందర పడలే.
ఒక్కసారి మాత్రం "శ్వయ్యా, శ్వయ్యా" అన్నడు,
మెల్లగ, మెల్లగ అని.
నాకన్నడో, ఆయన కాళ్లకన్నడో.

గీతలు తేలినయి. కుంచె కొట్టుకుంట ఎనుకకు నడిచిన.
కట్టె ముందుకొచ్చి నా బూటుకు తగిలింది,
రెండు సార్లు తడిమింది,
ఈ బుడిపె కొత్తగున్నదే అన్నట్టు.
పక్కకు జరిగిన.

సగం దినం కోత రాసిండు రిఫత్,
పదిహేడుకు, ఇరవై రెండుకు.
బస్సు కిటికీలకెల్లి చూస్తే
నలభై రెండో స్తంభం కాడ మల్ల మొదలైంది,
పసుపు మీద సన్నగ, పాకుకుంట.
కుంచె సగం అరిగింది.
శుక్రవారం ఫోన్ల ఇంటోల్లకు చెప్పాలె,
ఎవరన్న వస్తుంటే ఇంకోటి పంపుమని,
గట్టి ఈనెలది.